పాత పిస్టన్ చెప్పే సంగతి



సాలూరు అనగానే ఉత్తరాంధ్రలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది లారీ. తూర్పు కనుమల పాదాల దగ్గర, వేగావతి ఒడ్డున ఉన్న ఊరు అది. అక్కడి నుంచి రోడ్డు పాచిపెంట మండలం మీదుగా ఘాట్ ఎక్కి ఒడిశాలోని సుంకి, కొరాపుట్, జయపురం దాటుకుంటూ జగదల్‌పూర్, రాయపూర్ వైపు పోతుంది. ఆ ఘాట్ ఎక్కి దిగే బండ్లకి బాడీ కట్టేదీ, టింకరింగ్ చేసేదీ, కమాను కట్టలు మార్చేదీ, ఇంజన్ దించి మళ్ళీ ఎక్కించేదీ సాలూరులోనే. లారీ పనిలో విజయవాడ తర్వాత తమ ఊరేనని సాలూరువాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి సాలూరు విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. ఊరి వృత్తి మాత్రం అదే.

అలాంటి ఊళ్ళో ఒక ఇంటి వెనక రేకుల షెడ్డు ఉందనుకుందాం. బల్ల మీద లారీ సిలిండర్ హెడ్డు పక్కన కొబ్బరికాయంత ఇంజన్ ఒకటి విప్పి పెట్టి ఉంది. చెట్లు కోసే మిషన్‌ది. కొందరు పవర్ సా అంటారు, కొందరు చైన్ సా అంటారు. తెచ్చినాయనది కొండవారగా ఉన్న పల్లె. ఏమైందని అడిగితే, "తాడు లాగితే ఏటీ అడ్డం తగల్నట్టు వొచ్చీస్తంది బాబూ" అంటాడు. ఆ ఒక్క మాటతో మెకానిక్కుకి సగం రోగం తెలిసిపోతుంది. ఇంజన్‌లో కంప్రెషన్ లేదు. పిస్టనో, రింగులో, సిలిండరో దెబ్బతింది. మిగతా సగం రోగం, అంటే ఎందుకు దెబ్బతిందన్నది, విప్పితే గాని తెలియదు. ఈ ప్రసంగం ఆ రెండో సగం గురించి.

ఈ మిషన్ విలువ ఉత్తరాంధ్రకి తుపాన్లు నేర్పాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో రోడ్డుకి అడ్డంగా పడిన చెట్లు తొలగించకుండా అంబులెన్సు కదలలేదు, కరెంటు స్తంభం నిలబడలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానంలో తాతల నాటి కొబ్బరి తోటలూ జీడిమామిడి తోటలూ నేలకొరిగాయి. పడిన చెట్టు తీస్తేనే కొత్త మొక్క పెట్టడానికి చోటు. గొడ్డలితో ఒకపూట పట్టే మొద్దుని ఈ మిషన్ నిమిషాల్లో కోస్తుంది. కానీ కొబ్బరి మాను గొలుసు పదునుని ఇట్టే తినేస్తుంది. పదును పోయిన గొలుసుతో తొందరలో బలంగా నొక్కి కోస్తే ఇంజన్ వేడెక్కుతుంది. ఏడాదికి నాలుగు రోజులు బయటికి తీసే మిషన్లు సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే చచ్చిపోవడానికి ఇదొక కారణం.

ఈ మిషన్ రూపుదిద్దుకున్నది మన దగ్గర కాదు, జర్మనీలో. 1926లో స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజనీరు కరెంటుతో నడిచే గొలుసు రంపం తయారుచేశాడు. దాని బరువు 48 కిలోలు, ఇద్దరు మోయాలి. మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపాన్ని థూరింజియాలోని డోల్మార్ కొండ మీద పరీక్షించాడు. ఆ కొండ పేరే తర్వాత కంపెనీ పేరైంది. ఒక్క మనిషి మోయగలిగే రంపం అందరి చేతికీ అందడానికి మరో పాతికేళ్ళు పట్టింది. ఇప్పుడు మనం చూసే గొలుసు మాత్రం అమెరికాలోని ఒరెగాన్‌ది. అక్కడ జోసెఫ్ కాక్స్ అనే కలప పనివాడు 1946లో ఒక మొద్దులో పురుగుని గమనించాడు. ఆ పురుగు తన దవడలతో కలప నారకి అడ్డంగానూ నిలువుగానూ ఒకే సులువుతో తొలుచుకుపోతోంది. ఆ దవడల తీరునే అతను గొలుసు పళ్ళకి ఇచ్చాడు. ఉద్దానం రైతులకి ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. జీడిమామిడి మానుని లోపలినుంచి తొలిచేసే పురుగు వాళ్ళ పాత శత్రువు. అదీ ఇదీ పొడుగు మీసాల పెంకు పురుగుల కుటుంబానివే.

ఇక ఇంజన్. ఇది టూ స్ట్రోక్. లూనా, రాజ్‌దూత్ తోలినవాళ్ళకి తెలిసిన జాతే. వాల్వులు లేవు, అడుగున ఆయిల్ చాంబర్ లేదు. పిస్టన్ పైకి వెళ్తూ తన కింద ఉన్న క్రాంక్ పెట్టెలోకి గాలినీ పెట్రోలునీ పీలుస్తుంది, కిందికి వస్తూ వాటిని పక్క దారుల గుండా సిలిండర్‌లోకి నెడుతుంది. పిస్టన్ పక్క గోడే తలుపు. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో జోసెఫ్ డే కార్ఖానాలో 1890 ప్రాంతంలో రూపొందిన ఏర్పాటిది. ఆయిల్ పెట్రోల్లోనే కలిసి ఉంటుంది కాబట్టి మిషన్ని పక్కకి వంచినా తలకిందులు చేసినా నూనె అందుతూనే ఉంటుంది. కార్బొరేటర్‌లో తేలే బంతికి బదులు పల్చటి డయాఫ్రం ఉంటుంది కాబట్టి పెట్రోలూ ఆగదు. చెట్టు కొమ్మ మీద ఏ వంపులోనైనా పనిచేయాల్సిన మిషన్‌కి ఇంతకంటే తగిన ఇంజన్ చాలాకాలం దొరకలేదు.

లారీ మెకానిక్కు చేతికి ఈ ఇంజన్ కొత్తగా తోచేది దాని వేగం దగ్గర. లారీ డీజిల్ ఇంజన్ నిమిషానికి రెండు, రెండున్నర వేల చుట్లు తిరిగితే చాలు, ఘాట్ ఎక్కేస్తుంది. ఈ చిన్న ఇంజన్ ఖాళీగా ఫుల్ రేజ్ ఇస్తే 13,000 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి దాదాపు 217 సార్లు మంట. చుట్టు చుట్టుకీ మంటే. అంత వేగంలో నూనె పొర ఒక్క క్షణం తెగినా అల్యూమినియం పిస్టన్ గోడకి అంటుకుపోతుంది. సీజ్ అయిందంటే అదే.

విప్పడం మొదలుపెట్టేముందు బ్రష్షుతో, డీజిల్‌తో బాగా కడగాలి. రంపపు పొట్టూ ఆయిలూ కలిసి గట్టిపడి సిలిండర్ రెక్కల మధ్య చెక్క కట్టినట్టు ఉంటుంది. ఒక్కోసారి అసలు జబ్బు అదే, గాలి ఆడక ఇంజన్ ఉడికిపోయి ఉంటుంది. క్లచ్ విప్పాలంటే పిస్టన్ కదలకుండా ఆపాలి. అందుకు ప్లగ్గు కన్నంలోంచి సన్నటి నైలాన్ తాడు లోపలికి దూర్చడం మంచి పద్ధతి. పిస్టన్ పైకి వచ్చి తాడుని మెత్తగా నొక్కుకుని ఆగుతుంది. స్క్రూ డ్రైవర్ దూరిస్తే పిస్టన్ తలకి గాటు పడుతుంది. క్లచ్ మర ఎడమది. లారీ అలవాటుకొద్దీ మామూలు దిక్కుకి తిప్పితే బిగుసుకుంటుంది, ఇంకా బలం పెడితే తెగుతుంది.

సిలిండర్ ఊడొచ్చాక పిస్టన్ చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూడాలి. చాలామంది దాన్ని చెత్తబుట్టలో పడేసి కొత్త కిట్ కోసం ఫోన్ చేస్తారు. ఇక్కడే పొరపాటు. ఆ పిస్టన్ ఇంజన్ మరణ వాంగ్మూలం.

సైలెన్సర్ వైపు మాత్రమే నిలువు గీతలు పడి అల్యూమినియం పూసుకుపోయి ఉంటే నూనె తగ్గింది, లేదా పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైంది. ఆ వైపు మొదటినుంచీ వేడి ఎక్కువ కాబట్టి మొదట కాలేదీ అదే. కార్బొరేటర్ వైపు, అంటే గాలి పీల్చే వైపు పిస్టన్ అంచు మెరుపు పోయి, మసకగా, అరగదీసినట్టు పల్చబడి ఉంటే దుమ్ము లోపలికి వెళ్ళింది. ఫిల్టర్ చిరిగిందో, సరిగా కూర్చోలేదో చూసుకోవాలి. నాలుగు పక్కలా మచ్చలు పడితే ఇంజన్ మొత్తంగా ఉడికిపోయింది, రెక్కలు మూసుకుపోయాయి. ఒకే చోట లోతైన గాడి, కింద నుంచి పైదాకా, తీగతో గీసినట్టు ఉంటే పిన్నుని పట్టుకునే చిన్న క్లిప్పు ఊడి గోడని చీరేసింది. పాతది తీసి మళ్ళీ అదే పెట్టినవాళ్ళు చేసే పని ఇది. ఆ క్లిప్పు విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి.

ఒక్క పిస్టన్ నాలుగు రకాల మాటలు చెబుతుంది. ఆ మాట వినకుండా కొత్త పిస్టన్ వేస్తే అదే కారణం కొత్తదాన్నీ కాల్చేస్తుంది. పది గంటల పనికే మిషన్ మళ్ళీ బల్ల మీదకి వస్తుంది.

ఇప్పుడు సిలిండర్ సంగతి. లారీ ఊళ్ళో పెరిగిన మెకానిక్కుకి చటుక్కున తోచేది లేత్ దగ్గరికి పంపి బోర్ చేయించడం. లారీలో ఇనుప లైనర్ ఉంటుంది, అరిగితే మార్చుకోవచ్చు. యమహా ఆర్ఎక్స్ 100కీ లోపల ఇనుప స్లీవే. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఆ 98 సీసీ బండికి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసి బోర్ చేయని మెకానిక్కు ఆంధ్రదేశంలో అరుదు. చైన్ సా సిలిండర్‌లో ఇనుము లేదు. అల్యూమినియం గోడ మీద వెంట్రుకంత మందాన గట్టి పూత ఉంటుంది. క్రోమియం కావచ్చు, నికాసిల్ కావచ్చు. నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన ఈ నికాసిల్ పూతని జర్మనీ కంపెనీ మాలే 1967లో తెచ్చింది, మొదట వాంకెల్ రోటరీ ఇంజన్ల కోసం. బోర్ చేస్తే ఆ పూత పోతుంది. పోయిన చోట మెత్తటి అల్యూమినియం బయటపడి రెండు రోజుల్లో అంతా అయిపోతుంది. లారీ విద్య ఇక్కడ చెల్లదు. ఈ ఒక్క విషయం తెలియక పాడైన సిలిండర్లు, సీజ్ అయి పాడైనవాటికంటే తక్కువేమీ ఉండవని అనిపిస్తుంది.

అయితే ఆ గీతలన్నీ నిజంగా గీతలు కావు. పిస్టన్ నుంచి కరిగి గోడకి అంటుకున్న అల్యూమినియం కూడా అలాగే కనిపిస్తుంది. దాన్ని తీయడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ పనికొస్తుంది. అది అల్యూమినియాన్ని కరిగిస్తుంది, నికాసిల్ పూతని పట్టుకోదు. క్రోమియం పూత మీద మాత్రం వాడకూడదు, దాన్ని తినేస్తుంది. పుల్లకి దూది చుట్టి, ఆ మచ్చ మీద మాత్రమే అద్దాలి. అంటుకున్న లోహం ఉంటే బుడగలు పొంగుతాయి, లేకపోతే పొంగవు. గాలీ పొగా వెళ్ళే దారుల, అంటే పోర్టుల అంచుల్లో పూత లేని అల్యూమినియం ఉంటుంది, అక్కడికి చుక్క కూడా జారకూడదు. ఆరుబయట చేయాలి, చేతికి తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి. పని అయ్యాక నీళ్ళతో బాగా కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. తర్వాత గోరు గోడ మీద అడ్డంగా నడపాలి. గోరుకి తగిలే గాడి లేకపోతే ఆ సిలిండర్ ఇంకా బతికే ఉంది. తగిలితే కొత్త సిలిండరే దిక్కు.

తర్వాతది గాలి లీకు పరీక్ష. ఈ మొత్తం పనిలో అతి ముఖ్యమైనదీ అతి తక్కువమంది చేసేదీ ఇదే. క్రాంక్ పెట్టె ఒక చుట్టులో గాలి పీలుస్తుంది, నెడుతుంది. దాని రెండు పక్కల ఆయిల్ సీళ్ళు ఉంటాయి, అడుగున గ్యాస్కెట్, కార్బొరేటర్ వైపు రబ్బరు గొట్టం. వీటిలో ఏది చిట్లినా లెక్కలో లేని గాలి లోపలికి వెళ్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు పలచబడుతుంది. పెట్రోల్లోనే నూనె ఉంది కాబట్టి నూనే తగ్గినట్టు. వేడి పెరిగి సీజ్ అవుతుంది. కార్బొరేటర్ స్క్రూ ఎంత తిప్పినా ఈ జబ్బు నయం కాదు.

పరీక్షకి ఖరీదైన సామాను అక్కర్లేదు. సైలెన్సర్ తీసి ఆ చోట సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగించాలి, కార్బొరేటర్ చోటా అలాగే మూయాలి. ఒక సన్న గొట్టం ద్వారా గాలి ఎక్కించాలి. పాత బీపీ మిషన్ ఉంటే సరిపోతుంది, బల్బూ ఉంది, ముల్లున్న డయలూ ఉంది. దాని మీద 300 గీత దగ్గర ఒత్తిడి దాదాపు 0.4 బార్. ఈ పనికి అంత చాలు. ముల్లు కదలకుండా నిలబడాలి. దిగిపోతుంటే సబ్బు నీళ్ళు రాయాలి, లేదా ఇంజన్‌ని నీళ్ళ తొట్టిలో ముంచాలి. పంక్చర్ షాపు తొట్టిలో ట్యూబు ముంచి బుడగ వెతికే చూపు సాలూరులో ఎవరికి లేదు? అదే చూపు ఇక్కడా. తర్వాత గాలి పీల్చి కూడా చూడాలి, ఎందుకంటే అరిగిన సీలు బయటికి నెట్టినప్పుడు నిలిచి, లోపలికి పీల్చినప్పుడు వదిలేయవచ్చు.

క్రాంక్ బేరింగులు మారుస్తుంటే సుత్తి పక్కన పెట్టేయడం మేలు. పెట్టెని వేడి చేయాలి, బేరింగుని ఫ్రిజ్జులో చల్లబరచాలి. వేడికి అల్యూమినియం విచ్చుకుంటుంది, చలికి ఉక్కు ముడుచుకుంటుంది. బేరింగు తనంత తానే జారి కూర్చుంటుంది. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు కమ్మరి పట్టాని నిప్పుల్లో కాల్చి వేసేవాడు, చల్లారాక అది చెక్కని బిగించి పట్టేది. ఇక్కడా అదే సూత్రం. పిస్టన్ తల మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు చూడాలి. రింగు రెండు కొసలూ గాడిలో ఉన్న చిన్న పిన్నుకి రెండు పక్కలా రావాలి. పిన్ను మీదకి ఎక్కిన రింగుని బలవంతంగా సిలిండర్‌లోకి తోస్తే అక్కడికక్కడే విరుగుతుంది.

ఇక మార్పులు చేయడం, అంటే ఉన్న ఇంజన్ నుంచి ఇంకాస్త బలం రాబట్టడం. ఈ కోరిక ప్రపంచమంతా ఉంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ మోటారుసైకిళ్ళ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950ల్లో పొగ గొట్టంలో తిరిగొచ్చే శబ్ద తరంగంతో టూ స్ట్రోక్ బలాన్ని పెంచాడు. 1961లో ఆయన రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం దాటి వెళ్ళి ఆ విద్యని జపాన్‌లోని సుజుకికి అందించాడు. 1985 నుంచి స్టీల్ కంపెనీ టింబర్‌స్పోర్ట్స్ పేరుతో నడిపే పోటీల్లో హాట్ సా అనే విభాగం ఉంది. అందులో కొందరు మంచు బండ్ల ఇంజన్లు బిగించిన రంపాలతో సెకన్లలో దుంగని మూడు బిళ్ళలు కోసేస్తారు. అవి పందెపు ఎడ్లు. పొలం దున్నే ఎడ్లకి ఆ మేత పెట్టకూడదు.

పని మిషన్‌కి చేయదగిన మార్పు మొదటిది స్క్విష్ సరిచేయడం. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దానికీ హెడ్డుకీ మధ్య మిగిలే సందుని స్క్విష్ అంటారు. ప్లగ్గు కన్నంలోంచి టంకం తీగ దూర్చి, ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందం కొలిస్తే సందు తెలిసిపోతుంది. 0.5 మిల్లీమీటరు దగ్గర ఉంటే బాగుంటుంది. కర్మాగారం నుంచి వచ్చినవాటిలో ఇది ఒక్కోసారి 1 మిల్లీమీటరు దాకా ఉంటుంది. సిలిండర్ కింద ఉండే గ్యాస్కెట్ తీసేసి, దాని బదులు వేడికి తట్టుకునే సీలెంట్ పూస్తే సందు తగ్గుతుంది.

ఇందులో లెక్క చూడండి. స్టీల్ ఎంఎస్ 381 ఇంజన్ 72.2 సీసీ, సిలిండర్ అడ్డం 52 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు దించితే పైన మంట గదిలో 1 సీసీకి పైగా చోటు తగ్గుతుంది. గదే చిన్నది కాబట్టి 1 సీసీ అంటే తక్కువేమీ కాదు, కంప్రెషన్ స్పష్టంగా పెరుగుతుంది. దాంతోపాటు పోర్టులన్నీ కిందికి దిగుతాయి. సైలెన్సర్ దారి కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది, గాలి పీల్చే దారి కాస్త ముందుగా. నెమ్మది వేగంలో లాగుడు పెరగడానికి ఇది మంచిదే. కొలవకుండా గ్యాస్కెట్ తీసినవాళ్ళ పిస్టన్ మాత్రం మొదటి రేజ్‌కే హెడ్డుని తన్నుతుంది.

రెండోది సైలెన్సర్. పొగ వెళ్ళే కన్నం ఇరుకుగా ఉంటే కొంచెం పెద్దది చేయొచ్చు. పొగ సాఫీగా పోతే ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది, అప్పుడు పెట్రోలూ పెంచాలి. కన్నం పెంచి కార్బొరేటర్ ముట్టుకోకుండా వదిలేస్తే ముందు చెప్పిన సీజ్ కథే మళ్ళీ. కన్నం మీదుండే సన్నటి జల్లెడని మాత్రం ఎవరూ తీయకూడదు. అది నిప్పురవ్వల్ని ఆపుతుంది. ఎండాకాలంలో మన్యం కొండల మీద ఎండుటాకుల్లో పడే ఒక్క రవ్వ చాలు.

పోర్టులు గ్రైండింగ్ చేసే పని దగ్గర తొందర వద్దు. ఆర్ఎక్స్ 100 కాలంలో పోర్టులు కోసి పందేలు గెలిచినవాళ్ళున్నారు, సిలిండర్లు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. సైలెన్సర్ పోర్టు వెడల్పు మితిమీరితే రింగు ఆ కన్నంలోకి ఉబ్బి చిక్కుకుంటుంది. కోసిన అంచు కొద్దిగా గుండ్రం చేయకపోతే అది కత్తిలా రింగుని గీకుతుంది. పూత ఉన్న సిలిండర్‌లో ఒకసారి పెచ్చు లేస్తే మళ్ళీ అతికేది కాదు. రోజూ కూలి సంపాదించే మిషన్ మీద ఈ ప్రయోగం వద్దనే చెప్పాలి. నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ళకి పారేసిన సిలిండరే బడి.

బిగించాక కార్బొరేటర్ సర్దుబాటు చెవితో చేసే పని. గొలుసు గాలిలో ఉండగా ఫుల్ రేజ్‌లో శబ్దం కాస్త గరగరలాడాలి, చెక్కలో దించగానే శుభ్రంగా ఒకే స్వరం పట్టాలి. అప్పుడు పెట్రోలు సరిపోయినట్టు. గాలిలో ఉన్నప్పుడే సన్నగా కీచుమంటే పెట్రోలు తక్కువ, వెంటనే స్క్రూ విప్పాలి. ఇప్పుడు దేశంలో దాదాపు అంతటా బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తనతో ఆక్సిజన్ తెస్తుంది కాబట్టి పాత స్క్రూ స్థానంలోనే ఇంజన్ పల్చగా నడుస్తుంది. అది తేమనీ పీలుస్తుంది, కార్బొరేటర్ డయాఫ్రంని గట్టిపరుస్తుంది. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపడం ఇప్పుడు తప్పనిసరి అలవాటు కావాలి.

నూనె కొలత దగ్గర అందాజాలు చెల్లవు. మంచి టూ స్ట్రోక్ ఆయిల్‌తో 50కి 1 అని కంపెనీ చెబితే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు. 25కి 1 అంటే 40. మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి కంటే తేలికైన కొలత లేదు. లారీ ఇంజన్ ఆయిల్ ఇందులో పోయకూడదు, అది కాలి ప్లగ్గు మీదా పోర్టుల్లోనూ బూడిద, మసి పేరుకునేలా చేస్తుంది.

ఇంజన్ ఎంత బాగు చేసినా గొలుసు మొద్దుబారితే ఫలితం ఉండదు. పదునున్న గొలుసు నుంచి చెక్క పొరలు పొరలుగా రాలుతుంది, మొద్దుబారిన గొలుసు పిండి రాలుస్తుంది. .325 అంగుళాల పిచ్ గొలుసుకి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, ప్రతి పంటికీ ఒకే కోణం, ఒకే లెక్క తోపులు. ఈ పదిహేను నిమిషాల పని ఇచ్చే వేగం ఏ పోర్టు గ్రైండింగూ ఇవ్వదు. చెట్టు దగ్గరికి వెళ్ళేముందు గొలుసు బ్రేకు పట్టుకుంటోందో లేదో చూసుకోవాలి. చాలా చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ముందే అనుమతి కూడా తీసుకోవాలి.

మళ్ళీ అక్టోబరు వస్తుంది. పంచాయతీలోనో, తోటలోనో, అటక మీదో ఇలాంటి మిషన్ ఉన్నవాళ్ళు వర్షాకాలంలోనే ఒకసారి కిందికి దించండి. రెక్కల్లో పొట్టు తీయండి, పాత పెట్రోలు పారబోయండి, తాడు లాగి అడ్డం తగులుతోందో లేదో చూడండి. తగలకపోతే తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళండి. మిషన్ బాగైందని ఆయన చేతికిచ్చినప్పుడు, లోపలినుంచి తీసిన పాత పిస్టన్ కూడా అడిగి తీసుకోండి. ఏ వైపు కాలిందో మీ కళ్ళతో చూసి, ఎందుకు కాలిందో ఆయన్ని అడగండి.